జొన్నరొట్టెకు పప్పు ఎంత తోడు కావాలి: ఒక లెక్క మారిన తీరు

ఎదిగిన మనిషికి రోజుకు, ఒంటి బరువులో కిలోకు 12 మిల్లీగ్రాముల లైసిన్ చాలునని 1985లో ఐక్యరాజ్యసమితి, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు తేల్చారు. లైసిన్ అంటే ప్రొటీన్ అల్లికకు కావాల్సిన అమైనో ఆమ్లాల్లో ఒకటి. అది ఒంట్లో తయారవదు, తిండితోనే రావాలి. జొన్నల్లో తక్కువ, పప్పులో ఎక్కువ. 2007లో వచ్చిన నివేదికలో ఆ 12 కాస్తా 30 అయింది. మనుషుల ఒళ్లు మారలేదు, కొలిచే పద్ధతి మారింది. జొన్నరొట్టెతో పనికి వెళ్లే అనంతపురం కూలీకి ఈ తేడా చాలా పెద్దది.

పాత పద్ధతి, ప్రొటీన్‌లో ఉండే నత్రజని జమాఖర్చు. తిన్నదెంత, మలమూత్రాల్లో పోయిందెంత అని చూసి, రెండూ సమానమైతే తిండి సరిపోయినట్టే అనేవారు. చెమటలోనూ రాలే చర్మంలోనూ పోయేది సరిగా లెక్కకు అందేది కాదు. కండరంలో ప్రొటీన్ ఎంత వేగంగా తయారవుతోందో, ఎంత వేగంగా విరుగుతోందో ఆ లెక్క అసలు చెప్పదు.

ఆ వేగాలు చూసే తలుపు తీసినవాడు జీవరసాయన శాస్త్రవేత్త రుడాల్ఫ్ షోన్‌హైమర్. 1930ల చివర, కొలంబియా విశ్వవిద్యాలయంలో, భార నత్రజనిని (మామూలు నత్రజనికన్నా బరువైన రూపం) గుర్తుగా చేర్చిన లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఎదుగుదల ఆగిన ఎలుకలకు తినిపించాడు. వాటి బరువు పెరగలేదు, కానీ ఆ గుర్తు నత్రజనిలో పెద్ద భాగం కణజాలపు ప్రొటీన్లలో చేరింది. స్థిరంగా కనిపించే శరీరం నిత్యం విరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుందని తేలింది. డెబ్బై కిలోల మనిషి రోజుకు సుమారు 300 గ్రాముల ప్రొటీన్ కట్టుకుంటాడు. తినేది అందులో నాలుగో వంతు కావచ్చు, మిగతాదానికి విరిగినదే ముడిసరుకు.

తర్వాతి చిక్కు మొండిది. రక్తంలో గుర్తు ఎంత ఉందో తెలిసినా, కణం లోపల ప్రొటీన్ అల్లే చోట ఎంత ఉందో తెలియదు. అది తెలియకుండా కట్టే వేగం లెక్కకు రాదు. బ్రిటన్‌లో పీటర్ గార్లిక్ బృందం 1980లో ఎలుకలకు గుర్తున్న ఫినైల్‌అలనైన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని ఒక్కసారిగా భారీ మోతాదులో ఇచ్చింది. దాంతో రక్తంలోనూ కణంలోనూ గుర్తు వాటా దాదాపు సమానమై, పది నిమిషాల్లోనే కొలత సాధ్యమైంది. అయితే కణజాలం ముక్క తీయక తప్పదు.

మనుషుల అవసరం తేల్చడానికి ఊపిరి పనికొచ్చింది. లైసిన్ చాలకపోతే ప్రొటీన్ అల్లిక తగ్గుతుంది. అప్పుడు, గుర్తు కార్బన్ చేర్చి ఇచ్చిన లూసిన్‌లో వాడుకలోకి రానిది దహనమై, ఆ గుర్తు కార్బన్ ఊపిరిలో బయటపడుతుంది. లైసిన్ మోతాదు పెంచుతూ పోతే ఎక్కడ ఆ దహనం తగ్గడం ఆగుతుందో అక్కడే అవసరం తీరినట్టు. అమెరికాలో వెర్నన్ యంగ్, మనకు పక్కనే ఉన్న బెంగళూరు సెయింట్ జాన్స్‌లో అనురా కుర్పాడ్ ఈ దారిలో పనిచేశారు. భారతీయులపై చేసిన కొలతలు ఆ 30కి బలమిచ్చాయి. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనది ఇదే: మన తిండి తినే మనుషులనే కొలిచారు.

నాలుగు వందల గ్రాముల జొన్నల్లో లైసిన్ సుమారు 900 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి పాత లెక్కన 720 చాలు, కొత్త లెక్కన 1,800 కావాలి. వేరుశనగ చేలో అంతర పంటగా వేసే కంది ఇక్కడే అక్కరకొస్తుంది. అరవై గ్రాముల కందిపప్పు మరో 850 దాకా ఇస్తుంది. దీర్ఘకాలం అర్ధాకలితో ఉన్న పురుషుల్లో బెంగళూరు బృందం కొలిచిన అవసరం ఇంకా ఎక్కువ, కిలోకు దాదాపు 44. యాభై కిలోల కూలీకి అది 2,200. జీర్ణంలో పోయేది పక్కన పెట్టినా, ఆ రొట్టె, ఆ పప్పుతో పాటు రోజూ ఒక గుడ్డు ఉంటేనే అది దాదాపుగా అందుతుంది.