జనగణమన పాడని ముగ్గురు పిల్లలు: ఆ కేసుకి ముందూ వెనకా

మొన్న 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒక ఆర్మీ ఆఫీసర్ డిస్మిసల్ కరెక్టేనని తేల్చింది కదా, క్రిస్టియన్ ఆఫీసరు, తన కింద పనిచేసే జవాన్లతో కలిసి రెజిమెంట్ గుడికీ గురుద్వారాకీ వెళ్తా గానీ గర్భగుడి లోపలికి రాను, పూజలో చెయ్యి వెయ్యను అన్నాడు, 2021లో ఉద్యోగం పోయింది. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో రెండు పార్టీలు అయిపోయాయి. తమాషా ఏంటంటే రెండు పార్టీల వాళ్ళూ ఒకే కేసు పేరు చెప్పుకుని కొట్టుకున్నారు, బిజో ఇమ్మాన్యుయేల్ కేసు. అడిగితే సగం మందికి అందులో ఏం జరిగిందో తెలీదు. అందుకే ఇది రాస్తున్నా, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

కేరళలో కొట్టాయం జిల్లా, కిడంగూర్ అనే ఊరు. అక్కడి స్కూల్లో ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు, పది, తొమ్మిది, ఐదు తరగతులు, టెన్త్ వాడే బిజో. వాళ్ళది యెహోవా సాక్షుల కుటుంబం. రోజూ పొద్దున అసెంబ్లీలో అందరూ జనగణమన పాడుతుంటే వీళ్ళు కూడా బుద్ధిగా లేచి నిలబడేవాళ్ళు, అల్లరి లేదు గొడవ లేదు, పాడేవాళ్ళు కాదు అంతే. వీళ్ళకంటే ముందు వీళ్ళ అక్కలు అదే స్కూల్లో అలాగే చదువుకుని వెళ్ళిపోయారు, ఎవరూ పట్టించుకోలేదు. 1985 జూలైలో ఒకాయన పట్టించుకున్నాడు. జడ్జిమెంట్‌లో ఈ ముక్క రాసిన తీరు చదివితే నవ్వొస్తుంది, దేశభక్తి గల ఒక పెద్దమనిషి గమనించారు, ఆయన ఎమ్మెల్యే కూడా అయి ఉన్నారు, కాబట్టి అసెంబ్లీలో ప్రశ్న వేశారు, ఇంచుమించు ఇదే టోన్. అసెంబ్లీలో అడిగాక ఇంకేముంది, కమిషన్ వేశారు. ఆ కమిషన్ వెళ్ళి చూసి, పిల్లలు మంచివాళ్ళే, చట్టానికి కట్టుబడే ఉన్నారు, గీతాన్ని అవమానించిందేమీ లేదు అని రిపోర్టు ఇచ్చింది. అయినా సరే పైనుంచి డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ చెప్పాడని జూలై 26న హెడ్‌మిస్ట్రెస్ ముగ్గుర్నీ స్కూల్ నుంచి పంపించేసింది. తండ్రి వెళ్ళి, గవర్నమెంట్ ఏదో ఒకటి చెప్పేదాకా క్లాసులో కూర్చోనివ్వండమ్మా అని అడిగితే, నా చేతుల్లో లేదు అంది. పాపం ఆవిడని అనడానికేం లేదు, ఏ ఆఫీసులోనైనా మనకి వినపడే మాటే అది.

అసలు ఈ యెహోవా సాక్షులెవరో మన ఊళ్ళలో చాలామందికి తెలుసు, పేరు తెలీకపోయినా మనుషులు తెలుసు. ఆదివారం పూట ఇస్త్రీ చొక్కా, చేతిలో బ్యాగు, ఇద్దరిద్దరుగా వచ్చి "రెండు నిమిషాలు మాట్లాడొచ్చా అండీ" అని కావలికోట పత్రిక చేతిలో పెట్టి వెళ్తారు చూడండి, వాళ్ళు. క్రిస్మస్ చెయ్యరు, పుట్టినరోజులు చెయ్యరు, ఓటెయ్యరు, సైన్యంలో చేరరు. ఏ దేశం జెండాకీ సెల్యూట్ కొట్టరు, ఏ దేశం గీతమూ పాడరు, అమెరికాలో అమెరికాది కూడా పాడరు. భక్తి అనేది దేవుడొక్కడికే, దేశానికి చట్టం వరకు లోబడి ఉంటాం గానీ దండం పెట్టం అంటారు. బైబిల్లో బబులోను రాజు బంగారు బొమ్మకి మొక్కం అని నిలబడిపోయిన ముగ్గురు కుర్రాళ్ళ కథ ఉంటుంది, షద్రకు, మేషాకు, అబేద్నెగో. ఇక్కడా ముగ్గురే, చూడండి.

వీళ్ళు మొదలైంది అమెరికాలో పెన్సిల్వేనియా దగ్గర, 1870ల్లో, ఇప్పటి పేరు పెట్టుకుంది 1931లో. జెండా గొడవ హిట్లర్ టైంకి పెద్దదయింది. జర్మనీలో హైల్ హిట్లర్ అనం అన్నందుకు వీళ్ళని క్యాంపుల్లో వేశారు, బట్టల మీద ఊదా రంగు త్రికోణం కుట్టి. అదే టైంలో అమెరికా స్కూళ్ళలో కూడా పిల్లలు రోజూ జెండాకి చెయ్యి ముందుకి చాపి సెల్యూట్ కొట్టేవాళ్ళు, ఫోటోలు చూస్తే అచ్చం నాజీ సెల్యూట్ లాగే ఉంటుంది, 1942 చివర్లో సిగ్గుపడి గుండె మీద చెయ్యికి మార్చుకున్నారు. ఈ సెల్యూట్ కొట్టనందుకు పెన్సిల్వేనియాలో గోబైటిస్ అనే ఇంటి పిల్లలిద్దర్ని స్కూల్ నుంచి తీసేస్తే 1940లో అమెరికా సుప్రీంకోర్టు 8-1తో స్కూలుదే రైటు అంది. దేశం ఒక్కటిగా ఉండాలంటే తప్పదు అని రాసిన జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్, వియన్నాలో పుట్టి చిన్నప్పుడు అమెరికా వచ్చిన యూదుడు. తీర్పు వచ్చాక జరిగింది ఘోరం, ఊళ్ళలో గుంపులు వీళ్ళ మీద పడి కొట్టాయి, మెయిన్ అనే రాష్ట్రంలో ఒకచోట వీళ్ళ ప్రార్థన హాలు తగలబెట్టారు. మూడేళ్ళు తిరిగేసరికి అదే కోర్టు, 1943 జూన్ 14న, బార్నెట్ కేసులో 6-3తో తన మాట తనే వెనక్కి తీసుకుంది. జూన్ 14 వాళ్ళకి జెండా పండగ రోజు.

ఫిలిప్పీన్స్‌లో కూడా ఇదే వరస, కాకపోతే వాళ్ళకి మూడేళ్ళు సరిపోలేదు. 1959లో పిల్లల్ని తీసెయ్యొచ్చు అన్నారు, 1993లో కుదరదు అన్నారు, మధ్యలో ముప్పై నాలుగేళ్ళు.

మన దగ్గరికొద్దాం. పిల్లల తండ్రి కేరళ హైకోర్టుకి వెళ్తే సింగిల్ జడ్జి కాదన్నారు, డివిజన్ బెంచి కూడా కాదంది. ఆ బెంచి చేసిన పని ఏంటంటే జనగణమనలో ఒక్కో మాటా తీసి చూశారు, ఇందులో ఎవరి మతాన్నైనా నొప్పించే మాట ఉందా, లేదు, మరి పాడ్డానికి నొప్పేంటి అన్నారు. ఇది వినడానికి చాలా న్యాయంగా ఉంటుంది. మనలో చాలామంది వాదన కూడా ఇదే, "పాడితే పోయేదేముంది" అని. కానీ అక్కడే పప్పులో కాలేశారు. పాటలో తప్పుందని ఆ పిల్లలు ఎప్పుడూ అనలేదు. మాటలు మంచివో కాదో కాదు, ఏ దేశగీతమైనా పాడటమే మాకు కుదరదు అంటున్నారు. చేపల పులుసులో కారం ఎక్కువేమీ లేదు తిను అని చేప తినని వాడికి చెప్పినట్టు.

సుప్రీంకోర్టులో పిల్లల తరఫున వాదించింది ఫాలీ నారిమన్. బెంచి మీద ఇద్దరు, ఎం.ఎం. దత్, ఇంకొకరు మన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. తీర్పు రాసింది ఈయనే, ఇది మనవాళ్ళలో చాలామందికి తెలీదు. 1967లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి అయ్యారు, ఎమర్జెన్సీలో పంజాబ్ హర్యానా హైకోర్టుకి బదిలీ అయిన వాళ్ళలో ఈయనొకరు, 1978లో సుప్రీంకోర్టుకి వచ్చారు. 1986 ఆగస్టు 11న తీర్పు ఇచ్చారు. తేదీ గమనించండి, ఇంకో నాలుగు రోజుల్లో జెండా పండగ.

తీర్పు పెద్దదేం కాదు, సూటిగా ఉంటుంది. జాతీయ గీతం పాడి తీరాలని చెప్పే చట్టం ఎక్కడుంది అని మొదటి ప్రశ్న. జాతీయ చిహ్నాల్ని అవమానించకూడదనే 1971 చట్టం ఉంది గానీ అది పాడేవాళ్ళని అడ్డుకుంటే, సభలో గొడవ చేస్తే శిక్ష అంటుంది, ఊరికే నిలబడితే ఏం అనదు. మరి కేరళ విద్యాశాఖ సర్క్యులర్లు? అవి సర్క్యులర్లే, చట్టం కాదు, వాటిని పట్టుకుని రాజ్యాంగం 19వ అధికరణంలో ఇచ్చిన మాట్లాడే హక్కు తీసెయ్యలేరు. మాట్లాడే హక్కులోనే మాట్లాడకుండా ఉండే హక్కు కూడా ఉంది. అందరితో పాటు గౌరవంగా లేచి నిలబడ్డారు కాబట్టి అవమానం అనే మాటే లేదు. ఇంక 25వ అధికరణం, అదే మత స్వేచ్ఛ, దాని దగ్గర ఆయన రాసిందే అసలు పాయింటు: ఆ నమ్మకం మన బుద్ధికి ఎక్కుతుందా, మన మనసుకి నచ్చుతుందా అని చూడకూడదు, వాళ్ళు దాన్ని నిజాయితీగా నమ్ముతున్నారా లేదా అని చూడాలి. నిజంగా నమ్ముతుంటే 25 కింద రక్షణ ఉంటుంది, పబ్లిక్ ఆర్డర్, నైతికత, ఆరోగ్యం లాంటి వాటికి అడ్డం రానంతవరకు. చివర్లో మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం పాటిస్తుంది, దాన్ని పలచన చెయ్యొద్దు అని రాసి, పిల్లల్ని మళ్ళీ చేర్చుకోండి అని ఆర్డర్ వేశారు. అప్పటికి ఏడాది పైనే అయింది, టెన్త్ పిల్లాడికి ఏడాది అంటే తెలుసుగా.

నాకెందుకు ఈ కేసంటే పట్టింపు అంటే, మా జిల్లా పరిషత్ హైస్కూల్లో నా పక్క లైన్‌లో ఒకడుండేవాడు. జనగణమన పాడేవాడు, ప్రతిజ్ఞ చేసేవాడు, సరస్వతీ ప్రార్థన రాగానే మాత్రం నోరు మూసుకునేవాడు. డ్రిల్లు మాస్టారు బెత్తంతో వాడి మోచేతి మీద తట్టి "పెదాలు కదపరా, ఎవడు వింటాడు" అనేవారు. వాడు కదిపేవాడు. శబ్దం ఉండేది కాదు. నేను పక్కనే ఉండి చూసేవాడిని, వాడి చెవులు ఎర్రబడిపోయేవి. ఆ మాస్టారు చెడ్డాయనేం కాదు, వాడికి ఫీజు కట్టింది కూడా ఆయనే ఒకసారి.

ఈ జాతీయ గీతంతో, ప్రతిజ్ఞతో మనవాళ్ళకున్న చుట్టరికం కూడా చిన్నది కాదు. 1919 ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లె బీసెంట్ కాలేజీలో ఉన్నప్పుడే జనగణమనకి ఇంగ్లీషు అనువాదం రాశారు, కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ పాటకి స్వరాలు రాసిపెట్టింది అక్కడే. ప్రతిజ్ఞ అయితే పూర్తిగా మనదే, 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్న నల్గొండ మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావు రాశారు, పుస్తకం మొదటి పేజీలో దేశమంతా చదువుతుంది, ఆయన పేరు ఎవడికీ గుర్తుండదు.

పాట దగ్గర స్కూల్ నుంచి గెంటెయ్యడం కూడా మనకి కొత్త కాదు, కాకపోతే తలకిందులు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వెళ్ళాక ట్రైనింగ్ కాలేజీ కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకి వెళ్ళారు, తెల్లదొర ప్రిన్సిపాల్ ఊరుకోలేదు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుని అక్కడే బయటికి పంపేశారు. 1938లో నిజాం రాజ్యంలో ఉస్మానియా హాస్టల్ కుర్రాళ్ళు ప్రార్థనలో వందేమాతరం పాడితే వద్దన్నారు, మాట వినకపోతే తీసేశారు, వందల మంది చదువు పోయి కొంతమంది నాగపూర్ వెళ్ళి చేరారు. వరంగల్ కాలేజీ నుంచి అలా వెళ్ళినవాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. అదే రోజుల్లో రామచంద్రరావు అనే ఆయన, వావిలాల ఇంటిపేరు పోయి వందేమాతరం రామచంద్రరావు అయిపోయాడు. బ్యాడ్జీ పెట్టుకున్నందుకు 1907లో, పాడినందుకు 1938లో, పాడనందుకు 1985లో, మూడుసార్లూ తీసేసినవాళ్ళ దగ్గర ఉన్న కాగితం ఒకటే, క్రమశిక్షణ.

బిజో తీర్పుతో అంతా సర్దుకుందా అంటే లేదు. 2016 నవంబర్ 30న సుప్రీంకోర్టే, జస్టిస్ దీపక్ మిశ్రా బెంచి, సినిమా హాళ్ళన్నిట్లో బొమ్మకి ముందు జనగణమన వెయ్యాలి, అందరూ లేచి నిలబడాలి అని ఆర్డర్ వేసింది. దానికి నెల ముందే గోవా మల్టీప్లెక్స్‌లో వీల్‌చైర్ మనిషిని లేవలేదని కొట్టారు. పాప్‌కార్న్ టబ్బు పట్టుకుని అటూ ఇటూ చూసుకుంటూ నిలబడటం మీకూ గుర్తుండే ఉంటుంది. 2017 అక్టోబర్‌లో జస్టిస్ చంద్రచూడ్ దేశభక్తిని చొక్కా మీద వేసుకుని తిరగాలా అని అడిగారు, 2018 జనవరి 9న తప్పనిసరి కాదు, ఇష్టముంటే వేసుకోండి అని మార్చారు. మన దగ్గర జమ్మికుంటలో మాత్రం 2017 ఆగస్టు 15 నుంచి పోలీసులు మైకులు పెట్టి రోజూ పొద్దున జనగణమన వేస్తే ఊరంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగి నిలబడటం మొదలైంది, నల్గొండలో 2021 నుంచి. చూడ్డానికి బాగుంటుంది, నాకూ నచ్చింది, ఆగని వాడుంటే ఏం చేస్తారు అన్నదే అడగాలనిపిస్తుంది.

ఇంకో పక్క చిన్నప్పరెడ్డి చెప్పిన "నిజంగా నమ్ముతున్నాడా" పరీక్షకి పోటీగా ఇంకో పరీక్ష ఉంది, ఇంకా పాతది, 1954 శిరూర్ మఠం కేసు నుంచి వచ్చింది, ఆ ఆచారం ఆ మతానికి "అత్యవసరమా" అని. దీంట్లో జడ్జిగారు పురాణాలు, ఖురాన్, బైబిల్ తిరగేసి ఇది కావాలి ఇది అక్కర్లేదు అని చెప్పాల్సి వస్తుంది. నా ఉద్దేశంలో అది కోర్టు చెయ్యాల్సిన పనే కాదు, మన ఇంట్లోనే నానమ్మకీ అమ్మకీ ఏది అత్యవసరమో కుదరదు. కానీ 2022 మార్చిలో కర్ణాటక హైకోర్టు, అమ్మాయిలు క్లాసులో హిజాబ్ వేసుకోవచ్చా అన్న కేసులో ఆ పరీక్షే పెట్టింది, అత్యవసరం కాదు అంది. ఆర్మీ ఆఫీసర్ కేసులోనూ మీ పాస్టరే వెళ్ళొచ్చన్నాడు కదా అనే మాట వచ్చింది. అయితే సైన్యం సంగతి వేరు, 33వ అధికరణం కింద అక్కడ హక్కులు తగ్గించొచ్చని రాజ్యాంగంలోనే ఉంది, కాబట్టి బిజో కేసుని తెచ్చి అక్కడ యథాతథంగా అంటించడం కష్టం. మా గ్రూపులో ఆఫీసర్ పార్టీ వాళ్ళకి ఇది చెప్తే నన్ను మ్యూట్ చేశారు.

హిజాబ్ కేసు సుప్రీంకోర్టుకి వచ్చాక 2022 అక్టోబర్ 13న ఇద్దరు జడ్జీలు చెరో వైపు అయ్యారు. జస్టిస్ ధూలియా బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు తీసి, ఇది ఈ కేసుకి సరిగ్గా సరిపోతుంది, ఆ అమ్మాయి నిజంగా నమ్ముతుందా, ఎవరికైనా హాని చేస్తుందా, ఇంతే చూడాలి అన్నారు. జస్టిస్ హేమంత్ గుప్తా అదే తీర్పు చదివి, అది వేరు ఇది వేరు, ఇక్కడ యూనిఫాం ఉంది అన్నారు. పెద్ద బెంచికి పంపించారు. నేనిది రాసేటప్పటికి అది పెండింగే.