డాక్టరుగా చూసిన జైల్లోనే ఖైదీగా: నవల్ ఎల్ సాదావి

ఈజిప్టు రచయిత్రి నవల్ ఎల్ సాదావి జైలు రచనల ప్రస్తావన రాగానే చాలామంది 1981 అరెస్టు దగ్గర మొదలుపెడతారు. అంతకు ఏడేళ్ల ముందే ఆమెకు ఆ జైలు తెలుసు.

సాదావి 1931లో నైలు డెల్టాలోని కఫ్ర్ తహ్లా అనే పల్లెలో పుట్టి, కైరోలో మెడిసిన్ చదివారు. ఆరేళ్ల వయసులో తనకూ సున్తీ (ఆడపిల్లల జననాంగాన్ని కోసే ఆచారం) చేశారు. స్త్రీల శరీరం మీద జరిగే ఈ హింస గురించి 1972లో పుస్తకం వేస్తే ఆరోగ్య శాఖలో ఉద్యోగం పోయింది. ఆ తర్వాత స్త్రీల మానసిక సమస్యలపై పరిశోధన చేస్తూ, 1974లో కైరో దగ్గరున్న కనాతిర్ మహిళా జైలుకు వెళ్లారు. మగవాణ్ణి చంపినందుకు ఉరిశిక్ష పడిన ఒక స్త్రీని అక్కడ కలిశారు. క్షమాభిక్ష అర్జీ మీద సంతకం పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆమెను ఉరితీశారు. ‘ఉమన్ ఎట్ పాయింట్ జీరో’గా ప్రపంచమంతా చదివిన నవలకు మూలం ఆమె చెప్పిన కథే.

ఈలోగా దేశం వేడెక్కింది. 1977 జనవరిలో రొట్టె ధరల మీద జనం రోడ్లెక్కారు. ఇజ్రాయెల్‌తో 1979 నాటి శాంతి ఒప్పందం అధ్యక్షుడు సాదాత్‌కు ఇంటా బయటా శత్రువులను పెంచింది. 1981 సెప్టెంబరులో ఆయన పదిహేను వందల మందికి పైగా పట్టించి లోపల వేయించాడు. వామపక్షాల వాళ్లు, ఇస్లామిస్టులు, క్రైస్తవ మతాచార్యులు, జర్నలిస్టులు, అందరూ ఒకే జాబితాలో ఉన్నారు. సాదావిని తీసుకెళ్లింది కనాతిర్‌కే.

కాగితం, కలం నిషేధం. వ్యభిచారం కేసులో ఉన్న ఒక ఖైదీ దొంగచాటుగా కనుబొమల పెన్సిల్ తెచ్చిచ్చింది. దాంతో టాయిలెట్ పేపర్ మీద రాశారు. ఈ సంగతి అందరూ చెప్పుకుంటారు గానీ, నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఆ రాతల్లో ఎవరున్నారన్నది. రాజకీయ ఖైదీల జైలు పుస్తకాల్లో మామూలు ఖైదీలు తరచూ పక్కకు వెళ్లిపోతారు. సాదావి జ్ఞాపకాల్లో భర్తను చంపి వచ్చిన పల్లెటూరి మనిషికీ, జైల్లోనే పెరుగుతున్న పసిపిల్లలకూ చోటుంది. బురఖా తీయని ఇస్లామిస్టు స్త్రీలూ, మార్క్సిస్టులూ ఒకే గదిలో వాదించుకోవడమూ ఉంది. డాక్టరుగా ఆ స్త్రీల మాట వినడం ఆమెకు అప్పటికే అలవాటు. అదే సెప్టెంబరులో అరెస్టయిన నవలా రచయిత్రి లతీఫా అల్ జయ్యాత్ కూడా తర్వాత తన జైలు అనుభవాలు రాశారు.

అక్టోబరు 6న సైనిక కవాతులో సాదాత్ హత్య జరిగింది. కొత్త అధ్యక్షుడు ముబారక్ నవంబరు చివర్లో సాదావిని విడుదల చేశాడు. కానీ సాదాత్ చనిపోయిన రోజున విధించిన ఎమర్జెన్సీ మాత్రం 2012 దాకా పోలేదు. విచారణ లేకుండా మనుషుల్ని లోపల పెట్టే అధికారం అన్నేళ్లూ ప్రభుత్వం చేతిలోనే ఉంది.