మామిడిని మాగించే వాయువే నీటి తీగకు కబురు

కడప నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పెరట్లో చిన్న కొలను కట్టించి గట్టు చుట్టూ కడప బండలు పరిచాం. ఎండాకాలం వాటి మీద కాలు పెట్టలేకపోతున్నాం. గట్టు మీంచి నీళ్ళలోకి పాకే మొక్కలు చెప్పండి. నర్సరీ నుంచి తెచ్చి నీళ్ళలో దించినవి కుళ్ళిపోయాయి."

పేర్లు చెప్పడం తేలిక. తూటికూర, పొన్నగంటాకు, సరస్వతాకు, నీటిబ్రాహ్మి, అన్నీ మన చెరువు గట్ల మీద పాకేవే. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు తవ్వే ఆ కడప బండ, అంటే నల్ల సున్నపురాయి, ఎండను బాగా పీల్చుకుంటుంది. తీగ కమ్ముకుంటే చల్లబడుతుంది. నన్ను పట్టుకున్నది ఆమె ఉత్తరంలోని చివరి మాట. నీటి మొక్క నీళ్ళలో ఎందుకు కుళ్ళింది?

వేరుకూ ఊపిరి కావాలి. బడిలో మొక్కలు ఆక్సిజన్ వదులుతాయని చెప్పి ఆపేస్తాం. వేరు దాన్ని పీల్చుకుంటుందని చెప్పం. ఇది పెద్ద లోటు. నీళ్ళు నిలిచిన చేలో వేరుశనగ ఆకు ఎందుకు పసుపురంగుకు తిరుగుతుందో రైతుబిడ్డకు అర్థం కావాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, వేసవిలో లీటరు నీటిలో 7, 8 మిల్లీగ్రాములకు మించి కరగదు. పైగా నీటిలో వాయువులు గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు మెల్లగా కదులుతాయి. అందుకే తీగ పైనున్న ఆకుల నుంచి కిందికి తన గాలిగొట్టం తానే కట్టుకోవాలి. తూటికూర కాడలో రెండు కణుపుల మధ్య ముక్క కోసి, ఒక కొస నీళ్ళలో ముంచి రెండో కొస నుంచి ఊదండి, బుడగలు వస్తాయి.

మరి నీళ్ళలో ఉన్నానని కాడకు ఎలా తెలుస్తుంది? కోడూరు తోటల్లో మామిడికాయలను గడ్డిలో మాగవేయడం తలచుకోండి. కాయ విడిచే ఇథిలీన్ అనే వాయువు గడ్డి దాటి పోలేక చుట్టూ పేరుకుని, కాయను పండిస్తుంది. ఈ వాయువు మొక్కల మీద పనిచేస్తుందని 1901లో రష్యాలో దిమిత్రీ నెల్యుబోవ్ అనే వృక్షశాస్త్రవేత్త బఠానీ మొలకల మీద తేల్చాడు. దాదాపు ప్రతి మొక్కా దీన్ని కొద్దికొద్దిగా విడుస్తూనే ఉంటుంది. బయట గాలికి కొట్టుకుపోతుంది, నీళ్ళలో పోయే దారి లేదు. అంటే కాడకు నీరే గడ్డిపొర. తన వాయువు తనలోనే నిలిచిపోవడమే దానికి కబురు. గడ్డిలో కాయ ఎలా మెత్తబడుతుంది? ఎంజైములు కణాల గోడలను కరిగిస్తాయి. కాడలోనూ, వేరులోనూ అదే జరుగుతుంది, కాకపోతే ఎంపిక చేసినట్టు కొన్ని కణాలే చచ్చి కరిగి గాలిగదులు మిగులుస్తాయి, పక్క కణాలు గోడలా నిలబడతాయి. వరిలో దీన్ని బాగా పరిశీలించారు: కణుపు దగ్గర వేరు మొలక మీదున్న పైపొర కణాలు కూడా ఇథిలీన్ వల్లనే చచ్చి, కొత్త వేరుకు దారి ఇస్తాయి.

ఇంత కట్టడానికి తీగకు వ్యవధి కావాలి. నర్సరీలో పొడి మట్టిలో పెరిగిన వేరులో గాలిగదులు తక్కువ. దాన్ని ఒక్కసారిగా లోతుకు దించితే గొట్టం సిద్ధం కాకముందే ఊపిరి అందదు. కాబట్టి గట్టున తడి బురదలో, మొక్క మొదలు నీటికి పైన ఉండేలా నాటండి. కొత్త కొమ్మ తనంతట తాను నీళ్ళలోకి పాకుతుంది. అక్కడ పెరిగే ప్రతి కణుపూ ఆ నీటికి తగ్గట్టే తయారవుతుంది.

తూటికూర త్వరగా కొలనంతా కప్పేస్తుంది, కత్తిరిస్తూ ఉండాలి. ఆ ముక్కలను బుగ్గవంక వాగులోనో చెరువులోనో పారేయకండి, ప్రతి కణుపూ మళ్ళీ ఒక మొక్కే. ఎండలో బాగా ఎండబెట్టి ఎరువు గుంతలో వేయండి.