టింపనీ: వెనక వరసలోంచి కొన్ని మాటలు

ఆర్కెస్ట్రాలో అందరికన్నా వెనక, టింపనీ అనే, గంగాళాల్లాంటి నాలుగు రాగి డ్రమ్ముల మధ్య కూర్చునేది నేనే. కచేరీ అయ్యాక పలకరించేవాళ్ళ నోట తరచూ వినబడేవి ఇవి.

అపోహ: డ్రమ్ముకి స్వరమేంటి, లయ ఉంటే చాలు.

వాస్తవం: టింపనీ స్వరం పలికే వాద్యం. ఒక్కో డ్రమ్ము ఇంచుమించు సా నుంచి పా దాకా పలుకుతుంది. ఎక్కడ ఏ స్వరమో స్కోరులో, అంటే సంగీతం రాసిన కాగితాల్లో, ఉంటుంది. అసలు తిప్పలు అక్కడే. చుట్టూ అంతమంది ఒక శ్రుతిలో వాయిస్తుంటే, కాసేపట్లో రాబోయే ఇంకో స్వరానికి నేను డ్రమ్మును సిద్ధం చేసుకోవాలి. చర్మం మీదికి చెవి వాల్చి, నాకు మాత్రమే వినబడేట్టు వేలికొసతో తట్టి, చర్మం బిగింపు మార్చే కాలి పెడల్‌ను వెంట్రుకవాసి కదుపుతూ వెతుక్కుంటాను. ఆ వాలకం చూసి, "మధ్యలో నిద్రొచ్చిందా?" అని అడిగినవాళ్ళున్నారు!

అపోహ: నడిమధ్యన కొడితే బాగా మోగుతుంది.

వాస్తవం: కొట్టి చూడండి, 'దబ్' మని చచ్చిపోతుంది. మేం కొట్టేది అంచుకు బెత్తెడు లోపల. మధ్యలో కొడితే చర్మమంతా ఒకేసారి పైకీ కిందికీ ఊగి, శక్తి చప్పున గాలిలో కలిసిపోతుంది. అంచు దగ్గరైతే ఒక సగం లేస్తుంటే రెండో సగం దిగుతుంది. ఆ ఊపు ఎక్కువసేపు నిలుస్తుంది, స్వరం తేటగా తెలుస్తుంది.

అపోహ: రాగి గిన్నే స్వరాన్ని నిర్ణయిస్తుంది.

వాస్తవం: ముఖ్యంగా చర్మం బిగింపే. అది ఇప్పుడు చాలాచోట్ల ప్లాస్టిక్ లెండి.

అపోహ: హడావిడి ఘట్టాలకే టింపనీ.

వాస్తవం: ఒకప్పుడు ట్రంపెట్లకి తోడుగా సా, పా వాయించే రెండు డ్రమ్ములే ఉండేవి, నిజమే. కానీ 1806 నాటి బీథోవెన్ వయొలిన్ కన్చెర్టో (వయొలిన్ ముందుండి ఆర్కెస్ట్రాతో వాయించే కృతి) మొదలయ్యేదే టింపనీ ఒంటరిగా వేసే నాలుగు మెత్తని దెబ్బలతో. అయిదో దెబ్బకి ఓబోలు, క్లారినెట్లు లాంటి ఊదే వాద్యాలు అందుకుంటాయి. అంత మెల్లగా, అంత సమంగా నాలుగు కొట్టడమంటే నాకిప్పటికీ టెన్షనే. 1830లో ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ తన ఆర్కెస్ట్రా కృతి సింఫనీ ఫాంటాస్టిక్ మూడో భాగం చివర, దూరపు ఉరుముల కోసం నలుగురు టింపనీ వాద్యకారులను కూర్చోబెట్టాడు.

అపోహ: కొట్టడంతో పని అయిపోతుంది.

వాస్తవం: ఆపడం కూడా మా పనే. స్కోరులో విరామం రాగానే వేళ్ళ చివర్లు చర్మానికి ఆనించి మోత ఆపాలి. అరచెయ్యి టప్పున వేస్తే ఆ చప్పుడే హాలంతా వినబడుతుంది.