1084లో వందల స్థానం

హన్మకొండ వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుడి శాసనం మీద శకవర్షాలు 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ 13, వడ్డవారం అని ఉంటుంది. వడ్డవారమంటే శనివారం. దీన్ని క్రీస్తుశకంలోకి మార్చేటప్పుడు 78 కలిపి 1162 అనేయడం మామూలుగా జరిగే పొరపాటు. శక సంవత్సరం చైత్రంతో మొదలవుతుంది. మాఘం వచ్చేలోపే జనవరి వచ్చి ఏడాది మారిపోతుంది కాబట్టి కలపాల్సింది 79. అంటే 1163.

ఆ అంకెల్లో వందల స్థానం ఖాళీ. అక్కడ సున్న చెక్కకపోతే మిగిలేది 184; శాసనం తొమ్మిది వందల ఏళ్లు వెనక్కి పోతుంది. పద్యంలోనైతే ఇదే సంఖ్యను వేద, వసు, గగన, శశి అనే మాటలతో చెప్పొచ్చు. వేదాలు 4, వసువులు 8, గగనం 0, శశి 1. వీటిని కుడి నుంచి ఎడమకు పేర్చాలి. వచ్చిన వరుసలోనే రాసుకుంటే 4801 అయి కూర్చుంటుంది.

ఖాళీ స్థానానికి గుర్తు పెట్టడం మన దగ్గరే మొదలు కాలేదు. క్రీ.పూ. 300 ప్రాంతంలో బాబిలోనియా లేఖకులు అంకెల మధ్య ఖాళీకి రెండు ఏటవాలు గీతలు వాడారు. చివర మాత్రం వాడలేదు. వాళ్లవి అరవైల లెక్కలు కాబట్టి 1, 60 ఒకేలా కనిపించేవి. ఏది ఏదో సందర్భాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే. కంబోడియాలోని సంబోర్ శాసనంలో శక 605, అంటే క్రీ.శ. 683, నడుమ చుక్కతో ఉంది. గ్వాలియర్ చతుర్భుజ ఆలయ శాసనం 876 నాటిది. అందులో తోట కొలత 270 మూరలు, రోజూ ఇవ్వాల్సిన పూలదండలు 50. సంబోర్ చుక్క రెండు వందల ఏళ్లు పాతదే అయినా, స్థానవిలువ ఎంత స్థిరపడిందో చెప్పడానికి ఈ 270, 50 ఎక్కువ పనికొస్తాయి. నడుమ ఖాళీ కంటికి ఆనుతుంది, చివరి ఖాళీ ఆనదు.

గుర్తుగా ఉన్న సున్నను సంఖ్యగా లెక్కల్లోకి దింపింది బ్రహ్మగుప్తుడు, 628లో. ధనం ఆస్తి, ఋణం అప్పు అనుకుని సూత్రాలు కట్టాడు: సమానమైన ధన ఋణాలు కలిస్తే సున్న, సున్నలోంచి ఋణం తీసేస్తే ధనం, దేన్ని సున్నతో గుణించినా సున్న. ఇవన్నీ నేటికీ సరైనవే. భాగహారం దగ్గరే చిక్కు వచ్చింది. సున్నను సున్నతో భాగిస్తే సున్న అన్నాడాయన. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు, ఏ సంఖ్యనైనా సున్నతో భాగిస్తే అది మారదన్నాడు. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిన గణితం ఈ మహావీరుడిదే.

భాగహారాన్ని గుణకారంతో సరిచూస్తే లోపం దొరుకుతుంది. 12ను సున్నతో భాగిస్తే 12 అనుకుందాం. అప్పుడు 12ను సున్నతో గుణిస్తే తిరిగి 12 రావాలి, వచ్చేది సున్న. 12 బదులు ఏ సంఖ్య పెట్టినా అంతే. సున్నను సున్నతో భాగించినప్పుడు చిక్కు తిరగబడుతుంది: 5 అన్నా, 700 అన్నా సరిపోతుంది, ఏదో ఒక్కటే జవాబని చెప్పలేం. అందుకే నేటి గణితం సున్నతో భాగహారానికి అసలు విలువే ఇవ్వదు.