బావిలో ఈత నేర్చినవాళ్లు అండమాన్ సముద్రంలో దిగేముందు: స్కూబా అపోహలు - వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడప నుంచి అండమాన్‌కు బయల్దేరేవాళ్లు స్కూబా (వీపున గాలి సిలిండర్ కట్టుకుని, నీటి అడుగున ఊపిరి పీలుస్తూ ఈదడం) గురించి అడిగే మొదటి ప్రశ్న సొరచేపల మీదే ఉంటుంది. ముందు అడగాల్సింది ఊపిరి గురించి. మనకు సముద్రం లేదు గానీ, మనది నీళ్లంటే బెదిరే ప్రాంతం కాదు. వీపుకు బెండ్లో, ఎండిన సొరబుర్రో కట్టుకుని బావిలో దూకి ఈత నేర్చినవాళ్లు, కేసీ కాలువలో ఎదురీదినవాళ్లు ఇప్పటికీ ఊరూరా ఉన్నారు. ఆ ధైర్యం స్కూబాకు పనికొస్తుంది. బావి నేర్పిన ఒక అలవాటు మాత్రం అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే దానితోనే మొదలుపెడుతున్నాం.

అపోహ: రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టగలిగితే స్కూబా చాలా సులువు

వాస్తవం: స్కూబాలో ఊపిరి బిగబట్టనే కూడదు. మొట్టమొదటి నియమం ఇదే.

బావిలో మునిగే మనిషి గట్టున ఒక గుక్క గాలి పీల్చుకుని దిగుతాడు. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడికి ఆ గాలి కుంచించుకుపోతుంది. పైకి వచ్చేసరికి మొదట ఎంత ఉందో మళ్లీ అంతే అవుతుంది. ఊపిరితిత్తులకు ఏ ఇబ్బందీ లేదు.

సిలిండర్ కట్టుకుని దిగినప్పుడు లెక్క మారిపోతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. 10 మీటర్ల అడుగున రెగ్యులేటర్, అంటే సిలిండర్ నుంచి వచ్చి నోట్లో పెట్టుకునే గొట్టపు పరికరం, మన నోటికి అందించే గాలి, గట్టు మీద పీల్చే గాలికి రెట్టింపు చిక్కగా ఉంటుంది. దాంతో ఛాతీ నింపుకుని, నోరు బిగించి పైకి లేస్తే, లోపలున్న 5 లీటర్లు 10 లీటర్లవ్వడానికి తోసుకుంటాయి. అంత చోటు లోపల లేదు. ఊపిరితిత్తుల పొర చిరిగి గాలి ఛాతీలోకి చేరుతుంది, లేదా రక్తంలో కలిసి మెదడు దాకా పోతుంది. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు. నిండు ఊపిరి బిగబట్టి మీటరున్నర పైకి లేచినా చాలు.

లోతే ప్రమాదం అనుకునేవాళ్లు ఒక లెక్క గమనించాలి. 30 మీటర్ల నుంచి 20కి వస్తే గాలి మూడోవంతు మాత్రమే పెరుగుతుంది. 10 నుంచి పైకి వస్తే రెట్టింపవుతుంది. అంటే ఆఖరి 10 మీటర్లలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి, వెలుతురు కనబడగానే పైకి ఎగబాకాలనిపించేదీ సరిగ్గా అక్కడే.

మాస్కులోకి నాలుగు చుక్కలు రాగానే బావి ఈతగాడి ఒళ్లు తనంతట తానే ఊపిరి బిగబడుతుంది. ఈ అలవాటు మానడానికి, అండమాన్‌కు వెళ్లేముందే ఇంట్లో సాధన చేయండి. ముక్కు మూసుకుని నోటితో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చాలి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. రోజుకు పది నిమిషాలు, వారం రోజులు చాలు. నీళ్లలో రెగ్యులేటర్ నోట్లోంచి జారితే, మళ్లీ పెట్టుకునేదాకా సన్నగా 'ఆ...' అంటూ బుడగలు వదులుతూనే ఉండాలి. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు దాటకూడదు. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి.

అపోహ: వీపు మీద మోసేది ఆక్సిజన్ సిలిండర్

వాస్తవం: అందులో ఉండేది మనం ఇప్పుడు పీలుస్తున్న గాలే. 21 శాతం ఆక్సిజన్, మిగతాది దాదాపు అంతా నైట్రోజన్. దాన్ని వడగట్టి, తేమ తీసేసి, 200 బార్ల ఒత్తిడితో నింపుతారు. కారు టైరులో ఉండేది సుమారు 2 బార్లు. ఉట్టి ఆక్సిజన్ పీలుస్తూ 6 మీటర్లు దాటి దిగితే అది విషంలా పనిచేసి ఫిట్స్ తెప్పించవచ్చు. నీళ్లలో ఫిట్స్ వస్తే నోట్లోని రెగ్యులేటర్ ఊడిపోతుంది, మనిషి మునిగిపోతాడు.

మామూలు అల్యూమినియం సిలిండర్ లోపలి కొలత 11 లీటర్లు. 200 బార్లతో నింపితే 2,200 లీటర్ల గాలి. ఇందులో 50 బార్లు అత్యవసరానికి అలాగే మిగల్చాలి కాబట్టి వాడుకోగలిగేది 1,650 లీటర్లు. నిమ్మళంగా ఉన్న మనిషి గట్టు మీద నిమిషానికి 20 లీటర్లు వాడతాడనుకుంటే, 10 మీటర్ల దగ్గర 40 లీటర్లు, 20 మీటర్ల దగ్గర 60 లీటర్లు అవుతుంది. అంటే 10 మీటర్లలో సుమారు 41 నిమిషాలు, 20 మీటర్లలో 27 నిమిషాలు. కంగారు పడి చేతులు కొట్టుకునేవాళ్లకు ఇందులో సగమైనా రాదు. సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందో చూపే గేజు చూడటం గైడ్ పని అనుకోకుండా, మీరే రెండు మూడు నిమిషాలకోసారి చూసుకోండి.

అపోహ: చెవినొప్పి కాసేపు ఓర్చుకుంటే అదే సర్దుకుంటుంది

వాస్తవం: సర్దుకోదు, కర్ణభేరి చిరగొచ్చు. తిరుమల ఘాట్ రోడ్డులో చెవులు దిబ్బడ వేసినప్పుడు గుటక మింగితే తెరుచుకుంటాయి. సముద్రంలో అదే సంగతి చాలా తొందరగా, చాలా గట్టిగా జరుగుతుంది. రెండు మూడు మీటర్లకే నొప్పి మొదలవుతుంది.

చేయాల్సింది ఇది. తల నీళ్లలో మునగగానే, నొప్పి రాకముందే, ముక్కు రెండు వేళ్లతో మూసి మెల్లగా గాలి ఊదాలి. చెవిలో 'టప్'మన్న తర్వాతే కిందికి. మొదటి 5 మీటర్లలో ప్రతి అరమీటరుకూ ఒకసారి, ఆ తర్వాత మీటరుకోసారి. తెరుచుకోకపోతే మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. బలంగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది. తలకిందులుగా కాకుండా, కాళ్లు కిందికి పెట్టి దిగితే చెవులు సులువుగా తెరుచుకుంటాయి. మన బావుల్లో తలకిందులుగా దూకే అలవాటున్నవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి.

చెవిలో దూది, రబ్బరు బిరడాలు పెట్టుకోవద్దు. బిరడాకూ కర్ణభేరికీ మధ్య ఇరుక్కున్న గాలిని సమం చేసే దారి ఉండదు. జలుబు చేసినరోజు డైవ్ మానేయండి. మాత్ర వేసుకుని దిగితే అడుగున మందు పని అయిపోవచ్చు, అప్పుడు పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి రాక చెవి నొక్కేస్తుంది.

అపోహ: ఈత రాకపోతే నీళ్లలోకి దిగనివ్వరు

వాస్తవం: ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని 12 మీటర్ల లోపు తిప్పే పరిచయ డైవ్‌కు ఈత అవసరం లేదు. వయసు 10 ఏళ్లు నిండి, ఆరోగ్యం బాగుండాలి. డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ కోర్సుకు మాత్రం ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు తేలాలి. కుక్క ఈతైనా సరే, సమయం లెక్కపెట్టరు. ఆ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల వరకు, పై కోర్సు చేస్తే 30 వరకు దిగవచ్చు.

ఈత కంటే ఆరోగ్య పత్రం ముఖ్యం. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, ఈమధ్య జరిగిన ఆపరేషన్, ఊపిరితిత్తుల్లో గతంలో వచ్చిన సమస్య ఉంటే దాచకండి. టికెట్ కొనకముందే ఇక్కడే డాక్టర్‌కు చూపించి సంతకం తెచ్చుకుంటే, అక్కడికి పోయాక వెనక్కి తిరగాల్సిన అవస్థ తప్పుతుంది. గర్భిణులు దిగకూడదు. కళ్లద్దాల వాళ్లకు దిగులు లేదు, పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయి.

అపోహ: ఎంత లోతుకు పోతే అంత అందం

వాస్తవం: వెలుతురు ఉన్నచోటే రంగులు. నీళ్లు ముందు ఎరుపును మింగేస్తాయి. 10 మీటర్ల దగ్గర ఎర్రటిది బూడిదరంగులో కనిపిస్తుంది, టార్చి వేస్తే తప్ప అసలు రంగు బయటపడదు.

స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్‌లో, నీమో రీఫ్ (రీఫ్ అంటే పగడపు దిబ్బ) ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగే చోటు. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచిది లేదు. ఎనిమోన్ల (పువ్వుల్లా కనిపించే సముద్ర జీవుల) మధ్య దాక్కునే క్లౌన్ చేపలు అక్కడే కనిపిస్తాయి. లైట్‌హౌస్ అనే చోటు రాత్రి డైవ్‌లకు పేరున్నది. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ మాత్రం పడవలో పోయి, దాదాపు 20 మీటర్లు, ఆపైన దిగే చోట్లు. ప్రవాహం బలంగా ఉంటుంది, సర్టిఫికెట్, అనుభవం రెండూ ఉన్నవాళ్లకే. షహీద్ ద్వీప్ అని పేరు మారిన నీల్ దీవి దగ్గర కూడా మంచి డైవ్ చోట్లున్నాయి, జనం తక్కువ.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో పడవలు ఆగిపోవచ్చు, నీళ్లు మసకబారతాయి.

అపోహ: అసలు భయం సొరచేపలతోనే

వాస్తవం: అండమాన్ రీఫ్‌లలో కనిపించే తెల్లకొన రీఫ్ సొర మనిషిని చూసి పక్కకు తప్పుకుంటుంది. గాయాలు ఎక్కువగా చేసేవి కదలని, నెమ్మదిగా కదిలే జీవులే. రాతి చేప నిజంగానే రాయిలా పడి ఉంటుంది, వీపు ముళ్లలో విషం. లయన్ ఫిష్, ముళ్ల సముద్రపు అర్చిన్లు కూడా అంతే. అన్నిటికీ ఒకటే మందు: దేన్నీ ముట్టుకోవద్దు, చూడకుండా అడుగు పెట్టొద్దు.

రాతి చేప, లయన్ ఫిష్ గుచ్చుకుంటే ఆ భాగాన్ని చర్మం కాలనంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచాలి. నొప్పి తగ్గుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పాము కరిచిందన్నట్టు తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం చేయొద్దు.

టైటన్ ట్రిగ్గర్ చేప గుడ్లు కాచే కాలంలో నిజంగా తరుముతుంది. అది తనదనుకునే చోటు గూటి నుంచి పైకి గరాటులా వెడల్పవుతూ పోతుంది. అందుకే పైకి లేస్తే ఇంకా దాని హద్దులోనే ఉంటారు. అడ్డంగా పక్కకు ఈదాలి. మోరే ఈల్ నోరు తెరిచి మూయడం బెదిరింపు కాదు, అది ఊపిరి తీసుకోవడం.

చారల సముద్రపు పాము విషం గలదే, కానీ దాన్ని పట్టుకుంటే తప్ప కాటు వేయడానికి రాదు. ఉప్పునీటి మొసళ్లు మాత్రం అండమాన్‌లో ఉన్నాయి. తీరంలో మొసలి హెచ్చరిక బోర్డు ఉన్నచోట మోకాలి లోతు కూడా దిగొద్దు.

అపోహ: పగడం రాయే కదా, ఒక ముక్క తెచ్చుకుంటే ఏమవుతుంది

వాస్తవం: పగడం జంతువు. వేల చిన్న జీవులు కలిసి సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలం (కంటికి కనబడని పాచి లాంటిది) ఎండను ఆహారంగా మార్చి వాటిని పోషిస్తుంది. గుండ్రటి బండ పగడం ఏడాదికి పెరిగేది సుమారు ఒక సెంటీమీటరు. కాలికి తొడిగే ఫిన్ ఒకటి తగిలితే విరిగేది మీ వయసంత పాతది కావచ్చు.

కడప బండలు పరిచిన ఇళ్లలో పెరిగిన మనకు ఇది తేలిగ్గా అర్థమవ్వాలి. ఆ సున్నపురాయి కూడా ఒకప్పుడు ఇక్కడున్న సముద్రపు అడుగున పేరుకున్నదే. వేంపల్లె ప్రాంతపు రాళ్లలో కనిపించే ఉల్లిపొరల్లాంటి గీతలు వంద కోట్ల ఏళ్లకు ముందటి సూక్ష్మజీవులు కట్టిన గూళ్లు. అప్పటికి పగడాలు ఇంకా పుట్టలేదు. జీవం కట్టిన రాయి మనకు కొత్త కాదు, అండమాన్‌లో అది ఇంకా బతికి ఉంది.

నీళ్లు వారాల తరబడి మామూలు కంటే వేడిగా ఉంటే పగడం తనలోని శైవలాన్ని బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. 2010లో అండమాన్ పగడాలు అలా పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. అలా దెబ్బతిన్న రీఫ్ మీద నిలబడి ఫొటో తీసుకోవడం క్షమించరానిది. రీఫ్ కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన ముక్కైనా బ్యాగులో దొరికితే కేసవుతుంది.

అపోహ: బాగుంటే బొటనవేలు పైకి చూపాలి

వాస్తవం: నీళ్లలో దానర్థం 'పైకి పోదాం' అని. సంతోషంతో అది చూపి, రెండు నిమిషాలకే డైవ్ ముగించుకునేవాళ్లున్నారు. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు సున్నా చుట్టాలి. ఇబ్బందిగా ఉంటే అరచేయి అటూ ఇటూ ఊపి, ఎక్కడ ఇబ్బందో వేలితో చూపాలి.

అపోహ: పొద్దున డైవ్ చేసి, సాయంత్రం విమానం ఎక్కొచ్చు

వాస్తవం: అడుగున పీల్చిన నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది. అది మెల్లగా బయటికి పోవాలి. విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, సోడా సీసా మూత తీసినట్టు రక్తంలో బుడగలు లేవొచ్చు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా కొన్ని చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి.

కర్నూలువాళ్లు హైదరాబాద్, అనంతపురంవాళ్లు బెంగళూరు, కడపవాళ్లు చెన్నై మీదుగా పోయినా, తిరుగు విమానం శ్రీ విజయపురం నుంచే, అంటే పాత పోర్ట్ బ్లెయిర్. కాబట్టి డైవ్‌లు మొదటి రోజుల్లోనే పెట్టుకోండి. ఫెర్రీలో వెనక్కి వచ్చి సెల్యులార్ జైలు చూడటం ఆఖరి రోజుకు ఉంచండి. డైవ్ ముందురోజు రాత్రి మద్యం తాగొద్దు, నీళ్లు బాగా తాగండి.

డైవ్ అయిన 24 గంటల్లో కీళ్ల నొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, తల తిరగడం, విపరీతమైన నీరసం కనబడితే పట్టేసిందనుకుని బామ్ రాసి పడుకోవద్దు. వెంటనే డైవ్ సెంటర్‌కు చెప్పి, నూరు శాతం ఆక్సిజన్ పెట్టించుకుని డాక్టర్ దగ్గరికి పోవాలి. ఊరికి పోయాక చూపించుకుందాంలే అని విమానం ఎక్కితే, ఆ బుడగలు దారిలోనే పెద్దవవుతాయి.