తొండి ఆట గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

వేసవి సెలవులు ముగిసే వేళకు, పిల్లల కౌన్సెలర్‌గా నేను ఏటా వినే ప్రశ్న ఒకటుంది: "ఓడిపోతే మావాడు గవ్వలు విసిరికొడుతున్నాడండీ, అందుకని మేమే ఓడిపోతున్నాం. తప్పా?" అలా అడిగేవారి బెంగ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఆ పని నేనూ చేశాను.

అపోహ: పెద్దలు కావాలని ఓడిపోతే పిల్లలకు ఆత్మవిశ్వాసం పెరుగుతుంది.

వాస్తవం: నేను చూసినంతలో ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. ఇంట్లో ప్రతి ఆటా గెలిచిన పిల్లవాడికి ఓటమి మొదటిసారి ఎదురయ్యేది బయటి పిల్లల మధ్య, అక్కడ వాడి కోసం తగ్గేవారు ఎవరూ ఉండరు. పైగా ఈ నాటకాన్ని పిల్లలు ఇట్టే పసిగడతారు. మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు అష్టాచెమ్మాలో నాకు చెమ్మా, అంటే నాలుగు, పడింది, సరిగ్గా నాలుగో గడిలో తన కాయ ఉంది. నేను మరో కాయను జరిపితే, గళ్ళవైపూ నా మొహంవైపూ మార్చి మార్చి చూసి, "చంపొచ్చు కదమ్మా, ఎందుకు చంపలేదు? నేను ఆడను" అని లేచిపోయింది. అరగదీసిన చింతపిక్కలతో మాతో ఆడిన మా అమ్మమ్మ ఇలా చూసీచూడనట్లు వదిలేది కాదు. ఆట మొదలుకాకముందే "నీకు రెండు కాయలు పండితే చాలు, నాకు నాలుగూ పండాలి" అని అందరి ముందూ చెప్పి, ఆ తరువాత జాలి లేకుండా చంపేది. ఆమె పద్ధతినే నేను ఇప్పుడు తల్లిదండ్రులకు చెబుతున్నాను. ఆటలో అరటిపండు పద్ధతి కూడా మంచిదే కానీ, ఆ సంగతి అరటిపండుకు తప్ప అందరికీ తెలుస్తుంది కనుక నాలుగేళ్లు దాటినవారికి అది పనికిరాదు.

అపోహ: తొండి ఆడేవాడు పెద్దయ్యాక మోసగాడవుతాడు.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే ఇలాంటి మాటలు నమ్మి ఐదేళ్ల పిల్లను "దొంగ" అనకండి. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే 1932లో ప్రచురించిన గోలీలాట పరిశీలనల ప్రకారం, చిన్నపిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకుంటారు, అందరమూ గెలిచామంటారు. అందరికీ ఒకే నియమం ఉండాలన్న ఆలోచన ఏడెనిమిదేళ్లకు గానీ మొదలుకాదు. పదేళ్లవాడు వేలితో గవ్వను తిప్పితే మాత్రం ఆ పందెం చెల్లదని చెప్పి, అక్కడితో ఆపండి.

వైకుంఠపాళిలో గెలుపు తెలివికి గుర్తు అనడం ఉత్తమాట, అందులో ఆడేవారు నిర్ణయించేది ఏమీ లేదు. ఇక పెద్దల మధ్య తగాదాల్లో చాలావాటికి కారణం తొండి కానే కాదు. అష్టాచెమ్మాలో ఎదుటివారి కాయను చంపకుండా లోపలి గళ్ళలోకి వెళ్లవచ్చా అన్నదానికి పుట్టింట్లో ఒక పద్ధతి, అత్తవారింట్లో మరో పద్ధతి ఉంటాయి, ఆ సంగతి గవ్వలు చేతికి తీసుకోకముందే తేల్చుకోవాలి.